నిండుకున్న కుర్చీ

ఆ నియమం పెట్టింది నేనే. ఊళ్లో జరిగే సాహిత్య సభకు వెళ్లి, విన్నదాని గురించి రెండు పేజీలు రాసిస్తే ఐదు మార్కులు అదనం. కానీ ఆ కాగితం మీద సభలో మాట్లాడిన వక్త సంతకం ఉండి తీరాలి. సంతకం లేకపోతే కాగితం ఎంత బాగున్నా చదవనని క్లాసులో బల్ల గుద్ది మరీ చెప్పాను.

నేను సికింద్రాబాదులో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. మూడో సంవత్సరం వాళ్లకు రచన నేర్పే పేపరు ఒకటుంది, అది నా నెత్తిన పడింది. ఈ పిల్లలు ఫోన్లో ఒకరికొకరు పంపుకునే కబుర్లు చూస్తే ముచ్చటేస్తుంది. అదే వ్యాసం రాయమంటే బిగుసుకుపోతారు. నాలుగు సభలకు వెళ్లి నలుగురి మాటలు వింటే ఆ బిగువు సడలుతుందని నా ఆశ.

మొదటి ఏడాది సంతకం అడగలేదు. అందరూ ఆహ్వాన పత్రికను ఎత్తి రాసేశారు. ప్రతి కాగితమూ ‘సభ ఆద్యంతం ఆసక్తికరంగా సాగింది’ అని మొదలయ్యేది, ‘సభ జయప్రదంగా ముగిసింది’ అని ఆగేది. వాటిలో నాలుగు కాగితాలు హాలు దొరక్క వారం రోజులు వాయిదా పడ్డ సభవి. ఆ వేళకు తాళం చూసి వెనక్కి వచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. జరగని సభను నలుగురు జయప్రదంగా ముగించారు! నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. అలా పుట్టింది సంతకం నియమం.

ఆ నియమం చివరికి ఒక అమ్మాయి మెడకు చుట్టుకుంది. బోయిగూడ అమ్మాయి. వాళ్లమ్మ రైల్వే స్టేషనుకు ఆ వైపున ఇడ్లీ బండి నడుపుతుంది. ఈ పిల్ల పొద్దున్నే అమ్మకు సాయం చేసి, ఎనిమిదిన్నరకు చేతులు కడుక్కుని కాలేజీకి పరిగెత్తుకొస్తుంది. అమ్మకు జ్వరం వచ్చిన రోజున బండి తనే నడిపి, ఒక ఇంటర్నల్ పరీక్ష పోగొట్టుకుంది. దాంతో నా పేపరులో నాలుగు మార్కులు తక్కువయ్యాయి. అవి రాకపోతే ఆ పేపరు మళ్లీ వచ్చే ఏడే. ఒక బడి ఆఫీసులో తనను జూన్ నుంచి ఉద్యోగంలోకి తీసుకుంటామన్నారు, డిగ్రీ మెమో చూపిస్తేనే. ఈ సంగతంతా స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి రెండు వాక్యాల్లో చెప్పింది.

“సభకు వెళ్లి రాసుకు రామ్మా, ఐదు వేస్తాను. సంతకం మాత్రం మర్చిపోకు” అన్నాను. నిజం చెప్పాలంటే ఆమె రాత మీద నాకు పెద్ద ఆశ లేదు. అంతకుముందు ఆమె కాగితాల మీద ‘పొడిగా ఉంది’ అని రెండుసార్లు ఎర్ర సిరాతో రాశాను.

అదే నెలలో నన్నొక సభలో మాట్లాడమన్నారు. బొల్లారంలో రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కాలనీ హాల్లో ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి సభ పెడతారు, అధ్యక్షులూ ఆయనే. పదిమంది వచ్చినా, ఇద్దరే వచ్చినా స్వాగతం, అధ్యక్షులు, వక్త, శాలువా, వందన సమర్పణ అన్నీ ఉండాల్సిందే. నాకిచ్చిన విషయం ‘మామూలు మాట’. ఇంట్లో వాడుకునే మామూలు మాటల్లోంచి రచన ఎలా పుడుతుందో చెప్పాలి. ఇలాంటివి నాకు కొట్టిన పిండి. ఆ ఆహ్వాన పత్రిక మా క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఆ అమ్మాయి అది చూసి ఈ సభే ఎంచుకుందని నాకు తర్వాత తెలిసింది. “మా మేడమే గద, సంతకం ఏడికి పోతది” అందట స్నేహితురాలితో. సోమవారం సాయంత్రంలోగా మార్కులు కంప్యూటర్లో ఎక్కించాలి. ఆమెకు మిగిలింది ఆ ఒక్క ఆదివారమే.

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పెద్దాయన ఫోన్ చేశారు. మా ఇల్లు కార్ఖానాలో. అప్పటికే ఆకాశం నల్లబడి, గాలికి తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి. నా ముందు పేపర్ల కట్ట, వెనక మెత్తటి దిండు. బయలుదేరాలని లేదు.

“మేడం, మొగులైంది. మీకు తక్లీఫ్ గాదు గదా? సాయంత్రం ఉంటరు గదా?” అన్నారాయన.

“ఇక్కడ గాలివాన మొదలైందండీ. గొంతు కూడా బాగోలేదు. మరి… ఉంటానండీ” అని ఫోన్ పెట్టేశాను.

తెలుగువాళ్లం ఫోన్ పెట్టేసే ముందు అనే మాట అది. ఇక చాలు, సెలవు అని దాని అర్థం. కానీ ఉంటరు గదా అని అడిగిన మనిషికి, గొంతు బాగోకపోయినా వచ్చి ఉంటానన్నట్టు వినపడింది. నేనన్నది ఒకటి, ఆయనకు అందినది ఒకటి. పొరపాటే కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఫోన్ పక్కన పెట్టిన మరుక్షణమే నాకు అనుమానం వచ్చింది, ఆయన ఎలా విన్నారోనని. మళ్లీ చేసి రావడం లేదని తేల్చి చెబితే నిమిషం పని. చెప్పలేదు. ఈ వానలో ఎవరొస్తారులే అనుకున్నాను. మూడున్నరకు వడగళ్లు పడ్డాయి. కాఫీ కలుపుకుని కిటికీ దగ్గర కూర్చుని వాటిని చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు పన్నెండింటికి ఆ అమ్మాయి వచ్చి కాగితాలు నా బల్ల మీద పెట్టింది. నేను ఇచ్చిన నమూనాలోనే ఉంది. సభ పేరు, చోటు, అధ్యక్షుల పేరు నింపింది. వక్త అన్నచోట నా పేరు రాసింది. వక్త సంతకం అన్న గీత ఖాళీగా ఉంది.

“ఇదేమిటి?” అన్నాను.

“సంతకం లేదు మేడం. మీరు రాలే గద” అంది. మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. “రూల్ అంటే రూలే అన్నరు మీరు. అందుకే ఖాళీగ ఇడిసిన. జెర చదవండి మేడం, మార్కులు రాకున్నా పర్వాలేదు.”

“నువ్వు వెళ్లావా? అంత వానలో?”

“లోకల్ రైల్ల పోయిన మేడం. నడిమిట్ల ఆగింది. స్టేషన్ దిగినంక నడిచిన.”

బోయిగూడ నుంచి ఆమె వెళ్లింది. కార్ఖానా నుంచి నేను వెళ్లలేదు. మా ఇంటి నుంచి ఆ హాలుకు స్కూటర్ మీద పట్టుమని అరగంట పట్టదు. తలెత్తి ఆమె మొహం చూడలేక, గంట తర్వాత రమ్మని పంపేశాను.

ఆమె వెళ్లాక చదవడం మొదలుపెట్టాను. ‘సభకు నేను తడిసి వెళ్లాను. నాకంటే ముందే నలుగురు తడిసి కూర్చున్నారు’ అని ఉంది మొదటి వాక్యం. ఎర్ర పెన్ను చేతిలోకి తీసుకున్నదాన్ని దాని మూత కూడా తీయలేదు.

ఆ నలుగురూ ఎవరంటే పెద్దాయన, కార్ఖానా నుంచి వచ్చిన ఒక టైలరు, బొల్లారంలోనే ఉండే భార్యాభర్తలు ఇద్దరు. మా కార్ఖానా నుంచే టైలరు వెళ్లాడన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. హాలుకు రేకుల కప్పు. వడగళ్ల మోతకు ఒకరి మాట ఒకరికి వినపడక అందరూ ఊరికే నవ్వుకుంటూ కూర్చున్నారట. కరెంటు పోయింది. పెద్దాయన మాత్రం నా కుర్చీ తుడిచి, దాని చేతి మీద శాలువా మడత పెట్టి, “మేడం ఉంటా అన్నరు. అన్నంక ఉంటరు” అని అందరికీ చెప్పారట. ముప్పావు గంట చూశారు. తర్వాత ఆయనే లేచి, “మేడం తొవ్వల ఉన్నట్టున్నరు. అందాక మనం షురూ జేద్దాం. మామూలు మాట మీదనే గద సభ. ఎవలింట్ల తిరిగే మాట వాళ్లు ఒక్కొక్కటి చెప్పుండ్రి” అన్నారట.

ముందు ఆయనే చెప్పారు. వాళ్లింట్లో ఒకప్పుడు ఏడుగురికి ఒకటే స్నానాల గది. ఎవరు బయటికొచ్చినా ‘లైన్ క్లియర్’ అని కేకేయాలి. వంటింట్లోంచి ఆయన భార్య ‘సిగ్నల్ పడ్డది’ అని బదులు ఇచ్చేది, అప్పుడు రెండోవాళ్లు వెళ్లాలి. ఇప్పుడు ఇంట్లో రెండు గదులున్నాయి, ఆ కేక అవసరం లేదు. ఆమె కూడా లేదు. అయినా అలవాటు పోక ఈయన తువ్వాలుతో బయటికొచ్చి ‘లైన్ క్లియర్’ అంటారు. నాలుగేళ్ల మనవరాలు ఏ గదిలో ఉన్నా ‘సిగ్నల్ పడ్డది’ అంటుంది. ఆ పిల్ల పుట్టక ముందే నాయనమ్మ పోయింది. ఆ మాట ఆ పిల్లకు ఎలా చేరిందో ఆయనకు తెలియదు.

తర్వాత టైలరు. ఆయన బడి పిల్లల యూనిఫారాలు కుడతాడు. అడుగు మడతలో రెండు వేళ్ల గుడ్డ లోపలే వదిలి కుడతాడు, పిల్లలు పొడుగైతే కుట్టు విప్పి దించుకోవడానికి. వాళ్లింట్లో దాన్ని ‘లోపల ఇడుసుడు’ అంటారు. భార్య కూర వడ్డిస్తూ గిన్నెలో కొంచెం ఉంచినా ‘లోపల ఇడిసిన’ అంటుంది. మాట్లాడేటప్పుడు కూడా అంతా చెప్పెయ్యకుండా కొంచెం లోపల ఇడవాలె అన్నాడట ఆయన. కథలో అంతా చెప్పెయ్యకూడదు అనే ముక్కను నేను ఒక సెమిస్టరంతా, చేతులు తిప్పుతూ, బోర్డు మీద బాణాలు గీస్తూ చెబుతాను. ఎవరికీ ఎక్కదు. ఆయన రెండు వేళ్లు చూపించి చెప్పేశాడు.

భార్యాభర్తల మాట ‘ఇగో’. ఆవిడ ఇన్నేళ్లుగా ఆయన్ను అలాగే పిలుస్తోంది. అది మాటే కాదని ఆయన వాదన. మాట కాకపోతే పిలిచిన ప్రతిసారీ ఎందుకు పలుకుతున్నావని ఆవిడ ప్రశ్న. ‘వారి చర్చ నేను వచ్చేసే సమయానికి తేలలేదు’ అని రాసింది మా అమ్మాయి. స్టాఫ్ రూములో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను.

తర్వాత ఆమె వంతు. ఆ భాగం ఆమె రాసినట్టే ఇక్కడ పెడుతున్నాను.

‘మా అమ్మ బండి దగ్గర ఇడ్లీలు అయిపోతే ఒడిసినయ్ అననివ్వదు. నిండుకున్నయ్ అనాలి. చిన్నప్పుడు నేను స్టూలు ఎక్కి ఖాళీ గిన్నెలోకి తొంగి చూసేదాన్ని, ఏం నిండుకుందా అని. అడుగున కొంచెం నీళ్లు ఉండేవి, మిగతాదంతా ఆవిరి. ఆవిరి నిండుకుంది కాబోలు అనుకునేదాన్ని. ఒకరోజు రైలు దిగి ఒకాయన వచ్చాడు. తెలుగు కొత్తగా నేర్చుకున్నట్టుంది. ఇడ్లీ ఉందా అని అడిగాడు. అమ్మ నిండుకున్నయ్ అంది. ఆయన సంతోషంగా, అయితే ఒక ప్లేటు పెట్టండి అన్నాడు. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. నా కోసం మూత కింద దాచిన రెండు ఇడ్లీలు తీసి ఆయనకు పెట్టింది. ఆయన పోయాక నేను ఏడిస్తే, ఆయనకు ఉన్నయ్ అని వినపడ్డది బిడ్డా, ఇంక లేవంటే ఎట్ల, అంది.’

ఇక్కడ కాగితాలు బల్ల మీద పెట్టేశాను. ఫోన్లో నేనన్న మాట ఏమిటో, ఎందుకన్నానో ఆ అమ్మాయికి తెలియదు. మేడం ఉంటానన్నారని మాత్రమే విన్నది. నన్ను దెప్పాలని రాయలేదు, తన ఇంటి మాట గురించి రాసింది, అంతే. కానీ అది నేరుగా నాకే తగిలింది. అవతలి మనిషికి వినపడ్డ మాటను కూడా తన మాటగానే మోసి, బిడ్డ కోసం దాచింది తీసి పెట్టిన మనిషి ఒకావిడ రోజూ మా కాలేజీకి రెండు వీధుల అవతల ఇడ్లీలు అమ్ముతోంది. మాటల మీద పాఠాలు చెప్పేదాన్ని నేను. నాకు సిగ్గేసింది. సిగ్గుకు మించి, ఇలాంటిది ఒకటి నా బల్ల మీదికి నడిచి వచ్చినందుకు ఒళ్లు జలదరించింది.

చివరి పేరా ఇలా ఉంది. ‘ఆరున్నరకు వాన తగ్గింది. మేడం రాలేదు. అధ్యక్షులు శాలువా తీస్తుంటే నేను ఆ కుర్చీ వైపు చూశాను. మా అమ్మ అయితే అది ఖాళీగా ఉంది అననివ్వదు. మేడం కుర్చీ నిండుకుంది. అందరికంటే చిన్నదాన్ని కాబట్టి వందన సమర్పణ నన్ను చేయమన్నారు. నాకు చేయడం రాదు. వచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు చెప్పాను. రాని మేడంగారికి కూడా చెప్పాను. ఆమె వచ్చి ఉంటే మేము వినేవాళ్లం, రాలేదు కాబట్టి మాట్లాడాం. వచ్చే నెల కూడా ఉంటాను అని చెప్పి కూర్చున్నాను. సభ ముగిసింది. జయప్రదంగానో కాదో నాకు తెలియదు.’

ఎన్నేళ్లుగానో కాగితాలు దిద్దుతున్నాను. చదివి దండం పెట్టాలనిపించిన కాగితం అదొక్కటే. పొడిగా ఉందని రెండుసార్లు రాసిన చెయ్యి నాదే. నేను వెళ్లి ఉంటే గంటసేపు గడగడా మాట్లాడి, శాలువా కప్పించుకుని వచ్చేదాన్ని. ‘లైన్ క్లియర్’ ఎవరూ చెప్పేవారు కాదు. అలాగని నేను వెళ్లకపోవడమే మంచిదైందని నన్ను నేను ఓదార్చుకోలేదు. అది ఆ అయిదుగురి గొప్పతనం. అందులో నా వాటా ఏమీ లేదు.

గంట తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. వక్త సంతకం గీత ఇంకా ఖాళీగానే ఉంది. మొదట చేతికొచ్చిన ఆలోచన గబుక్కున నా సంతకం గీకెయ్యడమే. పెన్ను ఆ గీత దాకా వెళ్లింది కూడా. వెళ్లని సభలో మాట్లాడినట్టు సంతకం పెడితే, తాళం వేసిన హాల్లో సభను జయప్రదంగా ముగించిన ఆ నలుగురికీ నాకూ తేడా ఏముంది? పెట్టకపోతే, నా బద్ధకానికి ఈ పిల్ల ఏడాది పోగొట్టుకుంటుంది.

“నిన్న అక్కడ మాట్లాడింది ఎవరమ్మా?” అన్నాను.

“అందరం మాట్లాడినం మేడం.”

“నువ్వు?”

“నేను సుత.”

“మాట్లాడినవాళ్లే కదా వక్త. పెట్టు సంతకం.” కాగితం ఆమె వైపు తిప్పి, పెన్ను ఇచ్చాను.

ఆమె పెన్ను పట్టుకుని నిలబడిపోయింది. “రేపు ఎవలన్న అడిగితే, మేడం?”

“నా దగ్గరికి పంపు” అన్నాను. నా మామూలు కోపం గొంతులోకి వచ్చేసరికి ఆ పిల్లకు ధైర్యం వచ్చినట్టుంది. వంగి, ఒక్కో అక్షరం నిలిపి, తన పేరు పూర్తిగా రాసింది. పైన వక్త అన్నచోట ఉన్న నా పేరు కొట్టేశాను. దాని పక్కన, ‘పిలిచిన వక్త మాట ఇచ్చి రాలేదు, తప్పు ఆమెది’ అని రాసి, దాని కింద నా సంతకం పెట్టాను. అదే రోజు ఐదు మార్కులూ ఎక్కించాను. ఆ సంవత్సరం నేను కచ్చితంగా వేసిన మార్కులు ఏవైనా ఉన్నాయంటే అవే.

సాయంత్రం పెద్దాయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఉంటానన్నది ఫోన్ పెట్టేస్తున్నానన్న అర్థంలో అన్నానని, మీరెలా వింటారో అనుమానం వచ్చి కూడా ఊరుకున్నానని. ఆయన పెద్దగా నవ్వారు.

“అయ్యో, గట్లనా మేడం! నేను ఇంకో తీర్గ సమజ్ చేసుకున్న. పరేషాన్ గాకుండ్రి. శాలువా జాగ్రత్తగనే ఉన్నది. వచ్చే నెల రాండ్రి.”

“వస్తానండీ. తప్పకుండా వస్తాను” అన్నాను. అలవాటు కొద్దీ, “ఉంటానండీ” అని కూడా అనేశాను.

“ఇది ఏ ఉంటా, మేడం?” అన్నారాయన.

మే నెల రెండో ఆదివారం మూడున్నరకే బొల్లారం చేరాను. ఎండ మండిపోతోంది, రేకుల కింద హాలు పొయ్యిలా ఉంది. పెద్దాయన కుర్చీలు తుడుస్తున్నారు, టైలరు ఫ్యాను కింద చెమట ఆర్చుకుంటున్నాడు. నేనూ ఒక గుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను. నాలుగింటికి రెండు నిమిషాలుందనగా గుమ్మంలో ఆ అమ్మాయి కనిపించింది. రైలు దిగి నడిచి వచ్చినట్టుంది, మొహం ఎర్రగా కందిపోయింది. పరీక్షలన్నీ అయిపోయాయి. ఈ సభతో ఆమెకు ఇక ఏ అవసరమూ లేదు.

“మార్కులు ఎప్పుడో వేసేశాను కదమ్మా, ఈ ఎండలో మళ్లీ ఎందుకొచ్చావు?” అన్నాను.

ఆమె నా వైపు వింతగా చూసింది, అడగకూడనిదేదో అడిగినట్టు.

“పోయిన నెల ఉంటా అన్న గద, మేడం” అని, మూలనున్న కుర్చీ ఒకటి తెచ్చి నా పక్కన వేసుకుంది.